కొత్త కార్బురేటర్, పాత ఇంజన్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక చిన్న పని గురించే చెబుతాను. మనలో చాలామంది ఇళ్లలో నాన్నగారి పాత బుల్లెట్టో, స్కూటరో ఒక మూలన ఉంది. దాన్ని మళ్లీ నడపాలని ముచ్చటపడి కొత్త కార్బురేటర్ బిగిస్తాం. బండి స్టార్టవుతుంది గాని ఐడ్లింగ్‌లో నిలవదు. కార్బురేటర్ డూప్లికేటని ఒకరంటారు, ఇంజన్ పనైపోయిందని మరొకరంటారు. చివరికి బండి పాత ఇనుము కొనేవాడి పాలవుతుంది. చాలాసార్లు ఆ రెండు మాటలూ నిజం కావు.

పాత బుల్లెట్ 350నే తీసుకుందాం. 346 సి.సి., ఒకే సిలిండర్. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని పీల్చుకుంటుంది. కార్బురేటర్ ఇరుకు గొంతులో ఆ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. జెట్ గుండా పెట్రోలు పైకి వస్తుంది. అంటే కార్బురేటర్ కొలిచి పోసేది మాత్రమే. మరో సందులోంచి దొంగగాలి వస్తున్నా, ప్లగ్‌లో నిప్పురవ్వ సరిగా లేకపోయినా దానికి తెలియదు. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇంజన్‌ను చూడాలి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోక్ పైకొసలో పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఊగకూడదు. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ట్యాంకులో తుప్పు ఉంటే అది కొత్త ఫ్లోట్ సూది కింద చేరి పెట్రోలు పొర్లుతుంది. ట్యాంకు మూతలో గాలిరంధ్రం మూసుకుంటే బండి కొంతదూరం వెళ్లి ఆగుతుంది. మూత తీసి పెడితే మళ్లీ కదులుతుంది. పాపం, ఇవన్నీ కార్బురేటర్ ఖాతాలోకే వెళ్తాయి.

ఇప్పుడు ట్యూనింగ్. ఇంజన్ బాగా వేడెక్కాలి. ఎయిర్ స్క్రూను మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తీయండి. ఐడ్లింగ్ కాస్త ఎక్కువగా పెట్టి, స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజన్ ఎక్కడ చురుగ్గా, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపండి. తర్వాత ఐడ్లింగ్ తగ్గించండి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే, లోపలికి తిప్పినకొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజన్ వైపు ఉంటే దీనికి తిరకాసు.

ఈ స్క్రూ ప్రభావం పావు థ్రాటిల్ దాకానే. అక్కణ్ణుంచి ముప్పావు దాకా సూది, ఆపైన మెయిన్ జెట్. సూది క్లిప్‌ను ఒక గాడి కిందికి మారిస్తే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. పికప్‌లో తడబాటు ఏ థ్రాటిల్ దగ్గర వస్తోందో గమనిస్తే చూడవలసిన చోటు తెలుస్తుంది.

మన బ్యాచ్ మిత్రుడొకడు తండ్రి బుల్లెట్‌ను అమ్మేయబోయాడు. రెండు కార్బురేటర్లు మార్చినా ఐడ్లింగ్ నిలవలేదు. థ్రాటిల్ మూస్తే సైలెన్సర్‌లో టపటపలు. వేడి ఇంజన్‌కు చోక్ కొద్దిగా వేస్తే బండి బాగా తిరిగింది. అంటే మిశ్రమం పలచగా ఉంది, గాలి ఎక్కడో దూరుతోంది. కార్బురేటర్ విప్పి ఫ్లాంజ్‌ను అద్దం మీద పెట్టి చూస్తే మధ్యలో సందు. నట్లు అతిగా బిగించడంతో అది వంగింది. అద్దంపై ఎమరీ కాగితం పరిచి చదును చేసి, కొత్త ప్యాకింగ్ వేశాం. ఆ బండి ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది.

పలచటి మిశ్రమాన్ని మైలేజీ వస్తుందని సంతోషించి వదిలేయకండి. ఇంజన్ అతిగా వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదముంది. పైగా ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. కిలో పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత జెట్‌తోనే ఈ ఇంధనం పోస్తే మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. పాత రబ్బరు పైపులు, సీళ్లు కూడా తరచూ చూసుకోవాలి. కొంతదూరం నడిపాక ప్లగ్ విప్పి చూడండి: లేత గోధుమరంగు మంచిది, తెలుపు పలచన, నల్లటి మసి చిక్కన.

ఈ పనంతా ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు లేకుండా.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. దాని మాట వినగల మెకానిక్‌లూ తగ్గిపోతున్నారు. కాబట్టి మనమే నేర్చుకోవాలి. అందుకు కావలసిన పద్ధతి ఈ బడి సైన్సు ల్యాబులో మన గురువులు నేర్పినదే: ఒకసారికి ఒక్కటే మార్చు, ఫలితం చూడు, రికార్డులో రాయి. రెండు స్క్రూలు ఒకేసారి తిప్పినవాడికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇంట్లో పాత బండి ఉన్నవారు దాన్ని తూకానికి వేసే ముందు ఒక ఆదివారం ఈ పనికి కేటాయించండి. సెలవు.