నాలుగు రాత్రుల ప్రయాణానికి రెండు ఆర్‌డీలు

(సిబ్బంది శనివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాత్ర చేసి వచ్చినవాళ్ళు ఫొటోలు చూపిస్తూ మాట్లాడటం మన సమావేశాల్లో ఆనవాయితీ. కిందటిసారి కాశ్మీరు చూశాం, అంతకు ముందు కంబోడియా చూశాం. నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఎందుకంటే నేనింకా బయల్దేరలేదు. నవంబరులో వెళ్తున్నాను. వెళ్ళొచ్చాక మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు ఒప్పుకోలేదు. మార్చిలో రిటైరవుతున్నారు, తర్వాత మీరు దొరకరన్నారు. అందుకని ఈ రోజు చెప్పేది యాత్ర గురించి కాదు, యాత్రకు వేసుకున్న లెక్క గురించి. లెక్కలు వినడం మనకు కొత్త కాదుగా.

వెళ్ళేది ఈస్టర్ ద్వీపానికి. అక్కడివాళ్ళు దాన్ని రాపా నుయి అంటారు. పసిఫిక్ సముద్రం నడిమధ్యన 160 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువున్న నేల. చిలీ దేశానిది. కానీ చిలీ తీరం అక్కడికి సుమారు 3,700 కిలోమీటర్ల దూరం. మనుషులుండే అతి దగ్గర చోటు పిట్‌కెయిర్న్ అనే చిన్న దీవి, అదీ 2,000 కిలోమీటర్లు. పెద్ద పెద్ద తలల రాతి విగ్రహాలు మీరంతా ఎక్కడో ఒకచోట, కనీసం క్యాలెండర్ మీదైనా చూసే ఉంటారు. వాటిని మోయై అంటారు. దాదాపు 900 ఉన్నాయి.

ఎక్కడి హైదరాబాదు, ఎక్కడి ఈస్టర్ ద్వీపం అని అడుగుతారు. 1994లో నేను రాజస్థాన్‌లో, జైసల్మేర్‌లో పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్త, హిందీ అంతంత మాత్రం, సాయంత్రమైతే ఇసుక తప్ప మరో తోడు లేదు. మా హెడ్ క్యాషియర్ గారి దగ్గర ఒక పాత స్కూలు అట్లాసు ఉండేది. ఒక రోజు ఆయన నన్ను కూర్చోబెట్టి, "ఇక్కడి నుంచి భూమికి నిలువునా బొరియ తవ్వితే ఎక్కడ తేలతావో తెలుసా?" అన్నారు. అక్షాంశం అంతే ఉంచి ఉత్తరాన్ని దక్షిణం చేయాలి. రేఖాంశాన్ని 180లోంచి తీసేసి తూర్పును పడమర చేయాలి. చేసి చూస్తే పెన్సిలు ఈస్టర్ ద్వీపం పక్కన ఆగింది. సరిగ్గా లెక్కేస్తే ఆ ద్వీపానికి ఎదురు బిందువు జైసల్మేర్‌కు వాయవ్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, థార్ ఎడారిలో పడుతుంది. హైదరాబాద్‌కు చేస్తే నడిసముద్రమే. మీరూ ఇంటికెళ్ళి మీ ఊరికి చేసి చూడండి, పిల్లలకు బాగుంటుంది.

ఆ రోజు నుంచి అది నా మనసులో ఉండిపోయింది. కోరిక అనే ముందు ఆర్‌డీ అనాలి. 2014లో మా ఆవిడ పేరూ నా పేరూ కలిపి నెలకు 8,000 చొప్పున ఆరేళ్ళకు తెరిచాం. 2020 జనవరిలో చేతికొచ్చింది. ఏప్రిల్‌కు టికెట్లు కొన్నాం. మార్చిలో ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ద్వీపం పర్యాటకులకు మళ్ళీ తలుపు తీసింది 2022 ఆగస్టులో. ఈలోగా మా ఆవిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. బీమా పోగా మిగిలిన ఖర్చు, తర్వాత ఫిజియోథెరపీ, అంతా ఆ డబ్బే. విగ్రహాలు చూడాల్సిన సొమ్ముతో మా ఆవిడ నడుస్తోంది. నాకు ఇందులో ఏ బాధా లేదు. 2022లో ఇంకో ఆర్‌డీ తెరిచాం, నెలకు 15,000, నలభై రెండు నెలలు. ఏడు లక్షలకు కొంచెం తక్కువగా వచ్చింది.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి, "నాన్నా, ఏడు లక్షలు పెట్టి రాళ్ళు చూడటానికా? అదే డబ్బుతో ఇక్కడికొచ్చి మూడు నెలలుండండి" అంది. తల్లేమో, "దాని దగ్గరికి ఎప్పుడైనా వెళ్తాం. మోకాళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?" అంది. దాంతో ఆ చర్చ ముగిసింది.

ఎల్‌ఎఫ్‌సీ మీద విదేశం కుదరదని తెలిసి కూడా ముగ్గురు మిత్రులు నన్ను అడిగారు కనుక ఇక్కడే చెబుతున్నాను: సొంత డబ్బే. బ్యాంకు అనుమతికి దరఖాస్తు పెట్టి తీసుకున్నాను, మీరెవరు వెళ్ళినా అది మరవకండి. చిలీ వీసా కావాలి. దారి గల్ఫ్ మీదుగా బ్రెజిల్‌లోని సావో పౌలో, అక్కడి నుంచి చిలీ రాజధాని శాంటియాగో. బ్రెజిల్ మీదుగా తిరిగొస్తాం కాబట్టి ముందుజాగ్రత్తగా ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటున్నాం. మన నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్ చెల్లదు.

శాంటియాగో నుంచి ద్వీపానికి అయిదున్నర గంటల విమానం. వెళ్ళేది ఒకే సంస్థ, దిగేది ఒకే రన్‌వే. ఆ రన్‌వే మాత్రం ఊరి సైజుకు మించినది. అంతరిక్ష షటిల్ ఎప్పుడైనా అత్యవసరంగా దిగాల్సి వస్తే పనికొస్తుందని 1987లో అమెరికావాళ్ళు పొడిగించారు. ఒక్క విమానం తప్పితే మళ్ళీ ఎప్పుడో అన్న భయంతో శాంటియాగోలో వెళ్ళేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు రెండు రోజులు ఖాళీగా ఉంచాను. రిజర్వు లేకుండా ఏ బ్యాలెన్స్ షీటూ నాకు నిద్ర పట్టనివ్వదు.

ద్వీపానికి వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. తిరుగు టికెట్టు చూపాలి, నమోదైన బసలో గది తీసుకున్నట్టు చూపాలి. 2018 నుంచి ముప్పై రోజులకు మించి ఉండనివ్వరు. మన కేవైసీ లాంటిదే అనుకుని మొదట నవ్వుకున్నాను. ఏడెనిమిది వేల మంది ఉండే చోటికి ఏటా దానికి ఎన్నో రెట్లు జనం వస్తుంటే నీళ్ళు, చెత్త ఏం కావాలో ఆలోచించాక నవ్వు ఆగింది. హంగా రోవా అనే ఒక్క ఊరే ఉంది అక్కడ. ఆ ఊళ్ళో రెండు బ్యాంకులు, అందులో ఒకటి బాంకో ఎస్టాడో, చిలీ ప్రభుత్వ రంగ బ్యాంకు. భూమికి అవతలి కొసన కూడా మనలాంటివాడు ఒకడు కౌంటర్లో కూర్చుని ఉంటాడన్నమాట. వాణ్ణి చూసి ఒక నమస్కారం పెట్టి రావాలని ఉంది.

పచ్చళ్ళ సంగతి. చిలీలో వ్యవసాయ తనిఖీ చాలా కఠినం. గింజలు, పళ్ళు, తేనె, పాల పదార్థాలు చెప్పకుండా పట్టుకెళ్తే జరిమానా. ఆవకాయలో ఆవపిండి, మెంతులు, వెల్లుల్లి, మామిడి టెంక ఉంటాయి. దీన్ని స్పానిష్‌లో ఎవరికి వివరించను? ఇంట్లోనే వదిలేస్తున్నాం. అక్కడ చిలగడదుంప, చేమదుంప, అరటి దొరుకుతాయని చదివి మా ఆవిడ, "ఇంకేం, కార్తీక మాసమేగా" అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీనికోసమే.

2007 నుంచి మూడేళ్ళు నేను మన ట్రైనింగ్ సెంటర్లో ఫ్యాకల్టీగా ఉన్నాను. రుణాల క్లాసులో ప్రతి బ్యాచ్‌కూ ఈస్టర్ ద్వీపం కథ చెప్పేవాణ్ణి. ఆ జనం విగ్రహాల పిచ్చిలో పడ్డారు, వాటిని దొర్లించడానికి చెట్లన్నీ నరికారు, తిండి లేక ఒకరినొకరు చంపుకున్నారు, అసలు తినేసినవాడి గతి ఇదీ అని. క్లాసులో బాగా పేలేది. జారెడ్ డైమండ్ 2005లో రాసిన 'కొలాప్స్' పుస్తకంలో ఉన్న కథే అది. ఆ బ్యాచ్‌లవాళ్ళు ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు, ఇద్దరూ ఇప్పుడు చీఫ్ మేనేజర్లు. మీ నోట్సులో ఆ పేజీ ఉంటే దయచేసి కొట్టేయండి.

ఏ రోజు ఏ విగ్రహం చూడాలా అని చదవడం మొదలుపెట్టాక నాకు ఎదురైన అంకెలు వేరు. 1862, 63లో పెరూ నుంచి ఓడల్లో వచ్చి సుమారు 1,500 మందిని బానిసలుగా ఎత్తుకుపోయారు. అందులో పెద్దలు, చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ ద్వీపానికి రొంగొరొంగొ అని సొంత లిపి ఉండేది, చెక్క పలకల మీద చెక్కేవారు. చదవగలిగినవాళ్ళు ఆ ఓడలతో పోయారు, ఈ రోజుకీ దాన్ని ఎవరూ చదవలేదు. బతికి తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి ద్వీపంలో మిగిలింది 111 మంది. మన ఒక్క పెద్ద బ్రాంచి ఉదయం క్యూ అంత. 1888లో చిలీ కలుపుకుంది. ఆ తర్వాత 1953 దాకా ద్వీపమంతా గొర్రెల మేతకు ఒక కంపెనీ చేతిలో ఉంది, సొంత నేల మీద ఆ మనుషుల్ని గోడ కట్టి హంగా రోవాలో ఉంచారు. చిలీ పౌరసత్వం దక్కింది 1966లో.

తాటి జాతి చెట్ల అడవి పోయిన మాట నిజమే. మనుషులు నరికారు, పడవల్లో వచ్చిన ఎలుకలు గింజలు తినేసి మళ్ళీ మొలవనివ్వలేదు. కానీ చెట్లు పోయాక వాళ్ళు చచ్చిపోలేదు. పొలాల్లో రాళ్ళు పరిచి, తడి ఆరకుండా చూసుకుని దుంపలు పండించుకున్నారు. 2024లో 'నేచర్' పత్రికలో వచ్చిన పురాతన డీఎన్‌ఏ పరిశోధన కూడా 1600లలో జనాభా కుప్పకూలిన జాడ లేదనే చెప్పింది. విగ్రహాలు ఎలా కదిలాయంటే అక్కడి పెద్దలు ఎప్పుడూ ఒకటే చెప్పేవారు, నడిచి వెళ్ళాయని. లోకం నవ్వింది. 2012లో హంట్, లిపో అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు టన్నులు దాటిన నమూనాకు తాళ్ళు కట్టి, పద్దెనిమిది మందితో అటూ ఇటూ ఊపుతూ నిలువునా నడిపించి చూపారు. మనం బీరువా జరిపినట్టే.

దివాలా తీసినవాడికీ దోపిడీకి గురైనవాడికీ తేడా తెలియకుండా నేను మూడేళ్ళు రుణాల పాఠం చెప్పాను. ఆ మనుషుల ఇంటికే ఇప్పుడు అతిథిగా వెళ్తున్నాను.

అందుకే ప్లాను మార్చాను. ముందు వేసుకున్నదాంట్లో నాలుగు రాత్రుల్లో ఇరవై చోట్లు ఉండేవి. ద్వీపం పొడవు 24 కిలోమీటర్లే కదా, చుట్టేయొచ్చనుకున్నాను. ఇప్పుడు ఆరు చోట్లే. దిగిన సాయంత్రం తహాయ్, ఊరికి నడక దూరం, సూర్యాస్తమయం అక్కడ. రెండో రోజు పొద్దున్నే టోంగారికి. పదిహేను విగ్రహాలు వరసగా సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉంటాయి. వేదికల మీదున్న మోయైలు దాదాపు అన్నీ అంతే, ఊరి వైపు చూస్తుంటాయి, ఊరిని కాచే పెద్దల్లాగా. 1960 చిలీ భూకంపం తెచ్చిన సునామీ ఆ పదిహేనింటినీ లోపలికి విసిరేసింది. 1990లలో జపాన్‌వాళ్ళు క్రేను తెచ్చి సాయపడితే మళ్ళీ నిలబెట్టారు. మీరు ఫొటోల్లో వేదికల మీద చూసే మోయై ఏదైనా గత శతాబ్దంలో తిరిగి నిలబెట్టినదే. అక్కడ నవంబరులో సూర్యుడు ఏడు దాటాక గానీ రాడు, కాబట్టి మా ఆవిడ మందులు, కాఫీ అయ్యాకే బయల్దేరవచ్చు.

ఆ పక్కనే రానో రరాకు, విగ్రహాలు చెక్కిన కొండ. దాదాపు 400 ఇంకా అక్కడే ఉన్నాయి, కొన్ని సగం చెక్కినవి, ఒకటి పూర్తయి ఉంటే 21 మీటర్లు ఉండేది. పార్కు టికెట్టు పది రోజులు చెల్లుతుంది గానీ రానో రరాకుకూ ఒరోంగోకూ ఒక్కసారే ప్రవేశం. చాలాచోట్లకు స్థానిక గైడు తప్పనిసరి. మొదట ఇదీ ఖర్చే అనుకున్నాను. ఇప్పుడు ఆ గైడు కోసమే వెళ్తున్నాననిపిస్తోంది. పార్కును నడిపేది కూడా 2017 నుంచి రాపా నుయి వాళ్ళ సంఘమే. విగ్రహాలను తాకకూడదు, వేదికలు ఎక్కకూడదు. 2008లో ఒక విదేశీ పర్యాటకుడు గుర్తుగా ఉంటుందని చెవి కొస విరిచి, భారీ జరిమానా కట్టాడు.

మూడో రోజు మ్యూజియం. 1978లో అనకేనా బీచ్ దగ్గర తవ్వకాల్లో దొరికిన పగడపు రాతి కన్ను అక్కడుంది. విగ్రహానికి ఆ కళ్ళు అమర్చాకే అందులోకి పూర్వీకుడి శక్తి వస్తుందని వాళ్ళ నమ్మకం. మన గుళ్ళలో ప్రతిష్ఠ నాడు నేత్రోన్మీలనం చేస్తారు చూడండి, నేను ఈ వాక్యం చదివి వినిపించగానే మా ఆవిడ చేతిలో పని ఆపేసింది. తహాయ్‌లో ఒక విగ్రహానికి మాత్రం కొత్తగా చేసిన కళ్ళు పెట్టారు. తెల్లగా, నల్లగా తెరుచుకుని చూస్తూ ఉంటుంది.

తేలనిది ఒరోంగో ఒక్కటే. అగ్నిపర్వతం అంచున రాతి ఇళ్ళ ఊరు, గాలి ఎక్కువ, ఎగుడుదిగుడు దారి. డాక్టరు గారు వద్దన్నారు. ఆమె రాకపోతే నేనూ వెళ్ళనన్నాను. ముప్పై ఏళ్ళుగా తలచుకున్నవారు, ఒక పూట నా కోసం మానేస్తారా అని కోప్పడింది. మొన్న రాత్రి తనే తేల్చేసింది: "మీరు పొద్దున్నే గైడుతో వెళ్ళి రండి. నన్ను తహాయ్ దగ్గర దింపండి. ఆ కళ్ళున్నాయన ఎదురుగా ఒక కుర్చీ వేయిస్తే చాలు, మధ్యాహ్నం దాకా కూర్చుంటాను."

అక్కడ కుర్చీ వేయనిస్తారో లేదో కనుక్కోమని బసవాళ్ళకు ఉత్తరం రాశాను. జవాబు రావాలి.