పునాదిలోనే పొట్టుకు దారి

(విశ్వకర్మ జయంతి రోజున పుట్టపర్తిలో వడ్రంగులు, తోటల రైతులు కలిసిన సభలో చేసిన ఉపన్యాసం)

 

మిషన్లు రాకముందు మన పక్క మాను కోయించాలంటే ఇద్దరు కోతగాళ్లు వచ్చేవాళ్లు. గుంత తవ్వి, దాని మీద మొద్దును అడ్డంగా పెట్టి, ఒకడు పైన, ఒకడు గుంతలో నిలబడి నిలువు రంపం లాగేవాళ్లు. పైవాడు మసిదారం కొట్టిన గీత చూసుకుంటాడు. కిందివాడి కళ్లలో, ముక్కులో, మెడ మీద పొట్టు రాలుతూనే ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టుకొని, కళ్లు సగం మూసుకొని లాగేవాడు. ఇప్పుడు కరెంటు వచ్చింది. కిందివాడు పడే కష్టం చక్రం పడుతోంది. పొట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంకా సన్నబడి, ఇంకా ఎక్కువై మన మధ్యనే తిరుగుతోంది.

ఇంటి దగ్గర చిన్న కోత మిషను పెట్టుకోవాలని ఈ సభలో చాలామందికి ఉంది. ఎండిన చీనీ (బత్తాయి) తోటలు, కాపు తగ్గిన మామిళ్లు, గట్టు మీది వేపమాన్లు, తుమ్మలు వంటచెరకు ధరకు పోతున్నాయి. పలకలుగా కోస్తే వాటికి వేరే ధర వస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీరాక రెండు లక్షల అప్పు. దాంతో అందరి చూపూ మిషను మీదికి పోయింది. ఏ కంపెనీ, ఎన్ని హెచ్‌పీ, చక్రం ఎన్ని అంగుళాలు అని అడుగుతున్నారే గాని, పొట్టు ఎటు పోతుందని అడిగినవాళ్లు నాకు తక్కువగా కనబడ్డారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. పునాదీ, పొట్టు పోయే దారీ రెండు పనులు కావు. ఒకే పని. ఒకే కాగితం మీద గీయాలి.

అంతకన్నా ముందు లైసెన్సు మాట. మన సొంత స్థలం, మన సొంత చెట్టు, మన ఇష్టం అంటే చెల్లదు. 1967 నాటి మన రాష్ట్ర అటవీ చట్టం కింద 1969లో సామిల్లుల నియంత్రణ నిబంధనలు వచ్చాయి. అడవుల నరికివేత మీద వచ్చిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు తర్వాత దేశమంతటా సామిల్లుల మీద పట్టు బిగిసింది. 2016లో కేంద్రం కలప పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం కరెంటుతోగాని ఇంజనుతోగాని కోత జరిగే చోటు ఏదైనా సామిల్లే. చిన్నది, పెద్దది అని మనం సర్దిచెప్పుకుంటే కుదరదు. కాబట్టి మొదటి అడుగు సిమెంటు కొట్టుకు కాదు, అటవీ శాఖ డివిజన్ కార్యాలయానికి. మన స్థలం అడవి హద్దుకు ఎంత దూరమో, ఏ మిషనుకు ఏ అనుమతి కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. దాని అనుమతి వేరు. మనది రాయలసీమ. ఎర్రచందనం దుంగ ఒక్కటి లెక్క లేకుండా మన ఆవరణలో దొరికితే మిల్లు కాదు, మనమే లోపలికి పోతాం. వచ్చిన ప్రతి మొద్దూ ఎవరిది, ఏ సర్వే నంబరుదో పుస్తకంలో రాసుకోవాలి.

ఇక స్థలం. మన దగ్గర గాలిని చూడకుండా ఏదీ కట్టకూడదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరకే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర, నైరుతి నుంచి గాలి దంచి కొడుతుంది. ఆ గాలి పొట్టును ఈశాన్యానికి మోస్తుంది. కాబట్టి మీ ఇల్లు, పక్కవాళ్ల ఇల్లు, పశువుల పాక, నీళ్ల తొట్టి మిల్లుకు ఈశాన్యంలో ఉండకూడదు. వాస్తు చూసేవాళ్లతో ఈ విషయంలో నాకు పేచీ లేదు. నైరుతిలో బరువుండాలంటారు, మొద్దులు అక్కడ వెయ్యండి. ఈశాన్యం తేలిగ్గా ఉండాలంటారు, పొట్టుకన్నా తేలికైంది ఏముంది? అయితే కార్తీకం దాటాక గాలి తూర్పు నుంచి వీస్తుంది. అందుకే పొట్టుగదికి మూడువైపులా గోడ, పైన రేకు తప్పవు.

మొద్దు దిగే చోటు ఎత్తులో, పలక బయటికి పోయే చోటు పల్లంలో ఉంటే సగం కూలి మిగులుతుంది. రెండడుగుల లావు, పదడుగుల పొడవున్న పచ్చి వేపమొద్దు ముప్పాతిక టన్నుకు తగ్గదు. దాన్ని ఎగువకు దొర్లించాలంటే నలుగురు కావాలి. దిగువకైతే గడ్డపార పట్టుకున్న ఒక్కడు చాలు, ముందుకు ఆపు కొయ్యలు ఉంటే. ట్రాక్టరు వెనక్కి రావడానికి, తిరగడానికి చోటు వదలండి. మొద్దులను మట్టిలో కాక అడ్డకొయ్యల మీద వెయ్యండి. బెరడులో ఇరుక్కున్న ఎర్రమట్టి, ఇసుక రంపం పళ్లను తినేస్తాయి. కోసే ముందు బెరడు చెక్కి, మేకులున్నాయేమో చూడండి. ఊరి నడుమ పెరిగిన చింతమాన్లలో దండేలు, బోర్డులు కట్టడానికి ఎవరో ఏనాడో కొట్టిన మేకులు లోపలే ఉండిపోతాయి.

పునాది. పుట్టపర్తి చుట్టూ ఎక్కువ ఎర్రనేల. కొంచెం లోతు పోతే గరుసు, తర్వాత బండ. ఇది మన అదృష్టం. పైన మెత్తటి మట్టి తీసేసి, గరుసు తగిలేదాకా తవ్వి, నీళ్లు చల్లి దిమ్మిస గట్టిగా కొడితే చాలు. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి నేలలున్నవాళ్లకు ఆ సుఖం లేదు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చీలుతుంది. దాని మీద నేరుగా దిమ్మె పోస్తే రెండో వేసవికి రంపం నడిచే పట్టాలు వంకర తిరుగుతాయి. అక్కడ రేగడిని లోతుగా తీసేసి గరుసు పొరలు పొరలుగా పోసి కొట్టాలి.

మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, మొద్దు కదలకుండా ఉంటే రంపం తల పట్టాల మీద నడుస్తూ అడ్డంగా కోసేది. అమెరికాలో వుడ్-మైజర్ కంపెనీ 1982లో మొదలై ఈ రకానికి పేరు తెచ్చింది. దీనికి గొయ్యి అక్కర్లేదు. చదునైన దిమ్మె కావాలి. ఆరంగుళాల గరుసు మీద ఆరంగుళాల కాంక్రీటు, మొద్దు దిగే వైపు అంచు ఇంకా మందంగా. మొద్దు పడ్డ దెబ్బంతా ఆ అంచే తింటుంది. రెండోది, టింబర్ డిపోల్లో చూసే నిలువు బ్యాండ్ సా. దాని కింది చక్రం గొయ్యిలో ఉంటుంది. దానికి బరువైన దిమ్మె కావాలి. మిషను బరువుకు మూడింతల కాంక్రీటు అని మేస్త్రీలు, ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 800 కిలోల మిషనుకు 2,400 కిలోలు, అంటే ఒక ఘనమీటరు కాంక్రీటు. ఆ దిమ్మెకూ షెడ్డు గచ్చుకూ మధ్య అంగుళం సందు వదిలి ఇసుక నింపండి. లేకపోతే అదురు గచ్చంతా పాకి గోడ దాకా పోతుంది.

బోల్టులు కాంక్రీటుతో పాటే పాతేస్తే ఒక నూలు తేడా వచ్చినా మిషను కూర్చోదు. బోల్టుల చోట గుంతలు వదిలిపెట్టి, మిషను ఎక్కించి, మట్టం సరిచేశాకే వాటిని నింపాలి. మట్టానికి ఖరీదైన పరికరం వద్దు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టం చాలు. ఒక కొస ఈ పట్టా దగ్గర, రెండో కొస ఆ పట్టా దగ్గర పట్టుకుని, లోపల గాలి బుడగ లేకుండా చూసి, నీరు కుదురుకునేదాకా ఆగి గీత పెట్టండి. పట్టా పొడుగునా రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పలక ఒక కొస లావు, ఒక కొస సన్నం అవుతుంది.

పోసే కాలం కూడా చూసుకోవాలి. మన జిల్లాలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరే. తవ్విన గుంతలో నీళ్లు నిలుస్తాయి. ఆషాఢం గాలిలో పోస్తే పైపొర గంటల్లో ఆరి నెర్రెలు విచ్చుతుంది. నవంబరు, జనవరి నడుమ పోసుకోండి. వేడిగాలి కాలంలో మామూలు సిమెంటుకైనా పది రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పద్నాలుగు రోజులు తడి ఆరకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. నీళ్లకు కరువైన ఊళ్లో పది రోజులు పైపు వదలలేం. గోనెసంచులు తడిపి కప్పి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులకు రాళ్లు పెట్టండి. నాలుగు బిందెలతో పూట గడుస్తుంది.

ఇప్పుడు ఈ దిమ్మెలోనే పొట్టుకు దారి ఉండాలన్న మాటకు వస్తాను. గుండ్రం రంపం గీత ఆరు మిల్లీమీటర్లు తింటుంది. అంగుళం పలకలు కోస్తుంటే నాలుగు కోతలకు దాదాపు ఒక పలక పొట్టైపోతుంది. రెండు మిల్లీమీటర్ల బ్యాండ్ బ్లేడైతే పన్నెండు కోతలకు ఒక పలక. అలా పోయిన కర్ర వదులు పొట్టయ్యేసరికి రెండున్నర, మూడింతలు పొంగుతుంది. అది మిషను కిందే పేరుకుంటే చక్రం మీదికెక్కుతుంది, పట్టాల కిందికి దూరుతుంది, మనం చెమటోడ్చి పెట్టిన మట్టం చెడగొడుతుంది. కాంక్రీటు ఆరాక పొట్టు లాగే గొట్టం కోసం సుత్తి, ఉలి పట్టుకుంటే దిమ్మెకే ఎసరు.

నిలువు మిషనుకైతే గొయ్యి అడుగు ఒక పక్కకు వాలుగా ఉండాలి. ఆ పక్క గోడలో బ్లోవర్ గొట్టం పట్టే కన్నం, మనిషి వంగి గంపతో పొట్టు తోడే కిటికీ, రెండూ ఉండాలి. గొయ్యి చుట్టూ ఆరంగుళాల గట్టు కడితే వాననీరు దిగదు. అడ్డం మిషనుకైతే పొట్టు చిమ్మే వైపు దిమ్మెలో కాలువ వదిలి, పైన జాలీ పెట్టండి. గొట్టంలో గాలి సెకనుకు ఇరవై మీటర్లు, అంటే గంటకు డెబ్బై రెండు కిలోమీటర్ల వేగంతో పోవాలి. అంతకు తగ్గితే పొట్టు గొట్టంలోనే పడుకుంటుంది. నాలుగంగుళాల గొట్టంలో ఆ వేగం రావాలంటే గంటకు దాదాపు 584 ఘనమీటర్ల గాలి లాగే బ్లోవర్ కావాలి. మూల తిరిగే చోట ఒక్క లంబపు వంపు బదులు రెండు సగం వంపులు వెయ్యండి. పొట్టు ముందు, గాలిని సుడి తిప్పి దాన్ని కిందికి రాల్చే సైక్లోన్‌లో పడాలి, బ్లోవర్ దాని తర్వాత ఉండాలి. లేకపోతే మేకు ముక్క రెక్కకు తగిలి నిప్పురవ్వ లేస్తుంది.

మన పొడిగాలిలో ప్లాస్టిక్ గొట్టం గుండా పొట్టు పరుగెడితే దానంతటదే కరెంటు పుడుతుంది. రేకు గొట్టం వాడి ఎర్త్ చెయ్యండి. ఎండాకాలం మన నేల ఎండిపోయి ఎర్త్ పనిచెయ్యదు. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వారానికోసారి నీళ్లు పొయ్యాలి. పొట్టుగదికి మిల్లుకు మధ్య దూరం, దగ్గర్లో నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు. బీడీ గేటు బయటే. కుప్పను నిలువెత్తుకు మించనీయొద్దు. తడిపొట్టు లోలోపల వేడెక్కుతుంది.

ఊపిరి సంగతి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే కర్ర ధూళిని మనిషికి క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు క్యాన్సర్. కంటికి కనబడే పొట్టు కాదు, వెలుతురు గీతలో తేలే సన్నధూళి అసలు శత్రువు. తువ్వాలు దాన్ని ఆపదు, మంచి మాస్కు ఆపుతుంది. పొట్టును గుప్పిట్లో తీసుకుని చూడండి. ఉప్మా రవ్వలా ఉంటే బ్లేడు బాగున్నట్టు. పిండిలా ఉంటే పళ్లు మొద్దుబారినట్టు. అప్పుడు కోతా చెడుతుంది, ఊపిరీ చెడుతుంది. బ్లేడు మీద నీటి చుక్క పడేలా చిన్న డబ్బా కట్టుకుంటే ఈ రెండు నష్టాలూ తగ్గుతాయి.

పట్టిన పొట్టుకు పని బోలెడు. ఒకప్పుడు మంచుగడ్డ కరగకుండా కప్పింది ఇదే. పాత డబ్బాకు అడుగున పక్కగా కన్నం చేసి, అందులోంచి ఒక కర్ర, పైనుంచి నిలువుగా ఒక కర్ర పెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, కర్రలు మెల్లగా లాగేస్తే పొట్టు పొయ్యి. కాగితం అంటించి కిందినుంచి తోస్తే రెండు మూడు గంటలు మండుతుంది. ఆరుబయటే వెలిగించండి. కోళ్ల షెడ్లకు, ఇటుక బట్టీలకు అమ్ముకోవచ్చు. చీనీ, మామిడి పాదుల్లో తేమ నిలబెడుతుంది. కానీ పచ్చిపొట్టు మట్టిలో కలిపితే చెట్టుకు అందాల్సిన నత్రజనిని అదే లాగేసుకుంటుంది, చెదలనూ పిలుస్తుంది. పేడతో, కొద్దిగా యూరియాతో కలిపి మాగనిచ్చి, మొదలుకు అడుగు దూరంగా పైపైన పరచండి.

మరిన్ని మెలకువలు కావాలంటే బెంగళూరు మల్లేశ్వరంలో కేంద్ర ప్రభుత్వపు కలప శాస్త్ర సంస్థ ఉంది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఇంతా విన్నాక ఒక్క పనైనా చెయ్యండి. లైసెన్సు కాగితం చేతికొచ్చిన తర్వాత, మిషనుకు బయానా ఇవ్వకముందే, గుంత తవ్వే మేస్త్రీని, గొట్టాలు చేసే వెల్డరును, రేపు ఆ మిషను మీద పనిచేసే మనిషిని ఒకే రోజు స్థలానికి పిలవండి. నేల మీద ముగ్గుపిండితో మిషను ఎక్కడ, మొద్దు ఎటునుంచి, పొట్టు ఎటువైపు అని గీయండి. ముగ్గురూ సరేనన్న తర్వాతే గడ్డపార దించండి. మేస్త్రీ, వెల్డరు పనయ్యాక వెళ్లిపోతారు. మూడోవాడు రోజూ అక్కడే నిలబడి ఊపిరి పీల్చేవాడు. కాబట్టి పేచీ వస్తే అతని మాటే నెగ్గాలి.