ఎవరండీ ఈ బుచర్?

ఈ వారం బ్రిటిష్ వాళ్ళ వాడుక మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ముందు నా పరువు పోయిన కథ వినండి.

ఈ దేశం వచ్చిన కొత్తలో లండన్‌లో ఓ క్లయింటు దగ్గర పనిచేసేవాణ్ణి. ఓ సాయంత్రం అక్కడి పెద్దాయన ఎర్రర్ లాగ్ చేతికిచ్చి, "గివ్ ఇట్ ఎ బుచర్స్" అని వెళ్ళిపోయాడు. నాకు "బుచర్‌కి ఇవ్వు" అన్నట్టు వినిపించింది. మళ్ళీ అడిగితే మాస్టర్స్ చేసినవాడికి ఇంగ్లీషు రాదనుకుంటారేమోనని బుద్ధిగా తలూపాను. రాత్రి షిఫ్టులో బుచర్ అనే ఆయన ఉంటాడు కాబోలనుకుని, ఆ కాగితాలు బల్ల మీద పెట్టి ఇంటికి పోయాను.

తెల్లారేసరికి జాబ్ ఆగిపోయింది. వెళ్ళాల్సిన ఇన్వాయిస్‌లు ఒక్కటీ వెళ్ళలేదు. "లాగ్ చూశావా?" అంటే, "బుచర్ గారి కోసం పెట్టానండీ" అన్నాను. ఆయనకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. 'బుచర్స్ హుక్' అంటే మాంసం కొట్లో కొక్కెం. 'హుక్'కి 'లుక్' ప్రాసలో కలుస్తుంది. ప్రాస కలిసిన 'హుక్'ని వదిలేసి 'బుచర్స్' అంటే చాలు, ఓసారి చూడమని అర్థం. ఈ కాక్నీ పద్ధతి 1840ల నాటికే లండన్ ఈస్ట్ ఎండ్‌లో ఉంది. మన చిన్నప్పటి 'క' భాష లాగే, బయటివాడికి చప్పున అర్థం కాదు. 'పోర్క్ పైస్' అంటే 'లైస్'. అందుకే 'పోర్కీస్' అంటే అబద్ధాలు. 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' అంటే 'హెడ్'. ఎవరైనా "యూజ్ యువర్ లోఫ్" అంటే కాస్త బుర్ర వాడమని.

చివర్లో ఆయన, "పోనీ, టేక్ ఎ డెక్కో అంటే తెలుసా?" అన్నాడు. ఈసారి నవ్వడం నా వంతయింది. అది మన 'దేఖో'నే కదా! సిపాయిల నోట ఇక్కడికొచ్చిన మాటని చెబితే ఆయనే ఆశ్చర్యపోయాడు. 'పక్కా' ఇక్కడ 'పుక్కా' అయింది. 'ఖుషీ' నుంచి వచ్చిన 'కుషీ' అంటే శ్రమలేని హాయైన పని. 'విలాయతీ' కాస్తా 'బ్లైటీ' అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు ఇంగ్లండుని తలచుకున్నది ఆ పేరుతోనే. మన తెలుగూ తక్కువ తినలేదండోయ్. యాస మాట కాకపోయినా, ఇంగ్లీషు 'బాండికూట్' మన పందికొక్కే. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఆ మాట చెప్పింది.

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేదొక్కటే. అర్థం కాకపోతే అడిగేయండి. అడిగితే పోయేది ఒక్క నిమిషం. అడక్కపోతే ఏం పోతుందో నాకు బాగా తెలుసు. పైగా వాళ్ళ మాటలు మనం అడిగితే, మన మాటలు వాళ్ళకి చెప్పే వీలూ దొరుకుతుంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.