పొత్తిళ్ళలో కంటి పరీక్ష

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం – ఈ ఊళ్ళలో దినమును గడియారం కంటె షిఫ్టులే ఎక్కువగా శాసిస్తాయి. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరేసరికి, ముందురోజే ఆసుపత్రి నుంచి వచ్చిన బిడ్డ తల్లి ప్రక్కలో నిద్రపోతూ ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. రెండు కిలోలైనా లేదు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సరిగా ఆ రోజులలోనే మరొక గండం ఏ చప్పుడూ లేకుండా ఆ శిశువు కంటిలో పెరుగుతూ ఉండవచ్చును.

కంటి వెనుక రెటీనా అనే పలుచని పొర ఉన్నది. గర్భంలో పదునారవ వారం ప్రాంతంలో కంటినరం దగ్గర బయలుదేరిన రక్తనాళాలు ఆ పొర మీద ప్రాకుతూ, నెలలు నిండేనాటికి దాని అంచులకు చేరుకొంటాయి. ముందుగా పుట్టిన బిడ్డలో ఈ ప్రయాణం దారిలో ఆగిపోతుంది. తరువాత నాళాలు మళ్ళీ పెరుగుతాయి గాని, కొందరు శిశువులలో అడ్డదిడ్డంగా పెరిగి, చివరకు రెటీనాను లాగి ఊడదీస్తాయి. 1942లో అమెరికాలో డాక్టర్ టెర్రీ ఈ వ్యాధిని మొదటిసారి వర్ణించాడు. బిడ్డను బ్రతికించడానికి ఇచ్చే ప్రాణవాయువే మితిమీరితే చూపును హరించగలదని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ కాంబెల్ చూపించింది. మన నీలోఫర్ ఆసుపత్రి 1953లో వెలసినది. ఆనాడు ఇంత చిన్న బిడ్డలు మన దేశంలో దక్కడమే అరుదు గనుక ఈ వ్యాధి అంతగా కనిపించలేదు. నేడు దక్కుతున్నారు, వ్యాధీ కనిపిస్తున్నది.

బయటికి కన్ను చక్కగానే ఉంటుంది. కంటిపాప తెల్లబడినట్లు తల్లికి తెలిసేసరికి చాలవరకు అదను దాటిపోతుంది. అందుచేత 34 వారాల కంటె ముందు పుట్టిన ప్రతి శిశువుకూ, 2 కిలోల కంటె తక్కువ బరువుతో పుట్టిన ప్రతి శిశువుకూ ముప్పది రోజులు నిండేలోగా కంటి పరీక్ష జరగాలని మన దేశపు వైద్య మార్గదర్శకాలు చెబుతున్నవి. మరీ చిన్నవారికి రెండు, మూడు వారాలకే జరగాలి. ఒక్కసారితో ముగిసేది కాదు; నాళాలు అంచును చేరేవరకు వారానికో, రెండు వారాలకో మళ్ళీ చూపించవలసి ఉంటుంది.

చిక్కు ఇక్కడనే వస్తున్నది. ముందుగా చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు. రెప్పలు మూసుకోకుండా తీగవంటి చిన్న సాధనాన్ని వాటి మధ్య అమరుస్తారు. వైద్యుడు తలకు కట్టుకొన్న దీపపు వెలుగు కంటిలోనికి పోతుంది. అంచులు కనిపించడానికి కనుగ్రుడ్డును ప్రక్కనుంచి మెల్లగా నొక్కి త్రిప్పుతారు. జరిగేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలూ బిడ్డ మొగం ఎఱ్ఱబారి గుక్కపెట్టి ఏడుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, ఒక్కొక్కప్పుడు ఊపిరి క్షణకాలం తడబడుతుంది. అది చూచిన తల్లికి రెండవసారి రావడానికి కాళ్ళాడవు. ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సులు మారి, బిడ్డను ఏడిపించుకొని రావడమా అని ఇంట్లో పెద్దలు అంటే, ఆమె వద్ద సమాధానం ఉండదు. ఒరిస్సా నుంచో, బీహారు నుంచో పనికి వచ్చిన కుటుంబమైతే, చెప్పేవారి మాటే సరిగా అర్థం కాదు. తప్పిపోయిన ఆ రెండవ పరీక్షలోనే వ్యాధి బయటపడవలసి ఉండవచ్చును.

ఆమె కంగారును పిరికితనమని త్రోసివేయడం న్యాయం కాదు. వైద్యలోకమే ఈ విషయంలో చాలాకాలం పొరబడింది. పసికందుల నరాలు పరిణతి చెందలేదు, వారికి నొప్పి తెలియదు అని 1980ల వరకు పలువురు నమ్మేవారు. శస్త్రచికిత్సలు కూడ అరకొర మత్తుతోనే జరిగేవి. ఇందూరులో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, ఆపరేషను గదినుంచి తిరిగివచ్చే శిశువులు కళ తప్పి ఉండడం గమనించి, కారణం వెదికాడు. 1987లో ఆయనా, ఆయన సహచరులూ ప్రకటించిన పరిశోధనలో, నొప్పి అణచే మందు తగినంతగా పొందిన శిశువుల శరీరం శస్త్రచికిత్సకు అంతగా తల్లడిల్లలేదని, ఉపద్రవాలు కూడ తగ్గినవని తేలినది. మాటలు రాని రోగి నొప్పిని కొలవడానికి తరువాత కొలమానాలు వచ్చాయి. కనుబొమల ముడి, మూసిన కళ్ళ బిగువు, ముక్కు ప్రక్కల మడత, గుండె వేగం – వీటిని లెక్కపెట్టి అంకెలు వేస్తారు. కంటి పరీక్షలో మాత్రం కళ్ళ బిగువును లెక్కించడమెట్లాగో! రెప్పలను సాధనమే విడదీసి పట్టుకొన్నది కదా.

నొప్పిని పూర్తిగా మాన్పే ఉపాయం ఇంకా ఏదీ లేదు. తగ్గించేవి ఉన్నవి. కన్ను తిమ్మిరెక్కే చుక్కలు మొదటివి. నర్సు కొలత ప్రకారం నాలుక మీద వేసే పంచదార నీటి చుక్కలు, పిండిన చనుబాల చుక్కలు, చప్పరించడానికి ఇచ్చే పాలపీక తరువాతివి. అన్నిటికంటె చవకైనది, మన ముత్తవ్వలకు తెలిసినది, పొత్తిగుడ్డ. చేతులు గుండెమీదికి చేర్చి ఒదుగుగా చుట్టి, ఒకరి అరచేయి తలమీద నిలిపితే ఆ కదలిక, ఆ ఏడుపు కొంత నెమ్మదిస్తాయి. పరీక్ష కాగానే తల్లి ఎదకు చేర్చుకోవాలి. ఇవన్నీ కలిపి చేస్తే, విడివిడిగా చేసినదాని కంటె మేలు.

కడుపునిండా పాలిచ్చిన వెంటనే పరీక్షకు పడుకోబెట్టరాదు; ఏడుపులో కక్కుకొని పాలు ఊపిరిత్రోవలో పోవచ్చు. సుమారు ఒక గంట ఎడం ఉండాలి. పరీక్ష తరువాత రెప్పలు కొంచెం ఉబ్బి ఎఱ్ఱబడడం సహజం. అప్పుడు కంటిలో ఆముదం వేయవద్దు, కాటుక దిద్దవద్దు. ఏడుపు మాన్పించాలని నాలుకకు తేనె రాయడం కూడ ప్రమాదమే. ఏడాది లోపు బిడ్డకు తేనె పనికిరాదు.

వ్యాధి ముదిరినట్లు కనబడితే, లేజరు చికిత్సనో, కంటిలో ఇచ్చే ఇంజెక్షనునో రెండు, మూడు దినాలలో జరపాలి. వారాలు ఆగేది కాదు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ నుంచి, 1990ల చివర డాక్టర్ సుభద్ర జలాలి బృందం జంటనగరాల శిశువుల వార్డులకే వెళ్ళి కళ్ళు పరీక్షించే పద్ధతిని అలవాటు చేసినది. బిడ్డను కన్ను దగ్గరకు త్రిప్పడం కంటె, కన్ను చూచేవారు బిడ్డ దగ్గరకు రావడం ఎంత నయమో వేరే చెప్పనక్కరలేదు. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. ముంబయి రహదారి వెంట ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నవి. బిడ్డను ఇంటికి పంపేనాడు చేతికిచ్చే కాగితం మీద, టీకా తేదీ ప్రక్కనే కంటి పరీక్ష తేదీ, స్థలం ఉన్నవో లేవో చూడండి. లేకపోతే అక్కడే నిలబడి వ్రాయించుకోండి. వెళ్ళేనాడు మెత్తని పాత నూలు చీరముక్క ఒకటి ఉతికి వెంట తీసుకొనిపోండి. చుట్టడానికి అది చాలు.