చంటిబిడ్డతో గడప దాటేటప్పుడు

(ముప్పాళ్ళలో రాత్రి బడికి వచ్చిన నవ అక్షరాస్యుల ముందు చేసిన ప్రసంగం)



పొద్దంతా పనిచేసి అలిసిపోయి వచ్చారు. అయినా పుస్తకం పట్టుకుని ఇక్కడ కూచున్నారు. మీకు నా నమస్కారం. వెనక వరసలో కూచున్న మగవాళ్ళు కూడా కాస్త ముందుకు రండి. ఇవి ఆడవాళ్ళ మాటలే అనుకోకండి. పెళ్ళాం బిడ్డల్ని బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేది మీరే గదా!

ఈ రోజు ఒక సంగతి మాట్లాడుకుందాం. చంటిబిడ్డను ఇంట్లోంచి బయటికి ఎప్పుడు తీసుకెళ్ళాలి? ఎప్పుడు తీసుకెళ్ళకూడదు? తీసుకెళ్తే ఎలా తీసుకెళ్ళాలి?

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. అప్పటికి నేను చిన్నదాన్ని. మా అక్క తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ. పన్నెండో రోజున బిడ్డ పాలు తాగడం మానేశాడు. రొమ్ము నోట్లో పెడితే చప్పరించడు. ఏడుపు కూడా సన్నగా, పిల్లికూన అరిచినట్టు ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్దామని మా అక్క ఏడ్చింది. మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. "పసిగుడ్డు. ఇంకా ఇరవై ఒకటో రోజు కాలేదు. రేపు అమావాస్య. ఎల్లుండి పొద్దున్నే పోదాం" అంది.

ఎల్లుండి పొద్దున్నే బయల్దేరారు. బిడ్డ దక్కలేదు.

మా అమ్మమ్మ చెడ్డ మనిషి కాదు. తనకు తెలిసినంతలో బిడ్డను కాపాడాలనే చూసింది. గాలి సోకుతుందని, దిష్టి తగులుతుందని భయపడింది. ఆ భయంలో కొంత మంచి కూడా ఉంది. పసిబిడ్డను నలుగురిలో తిప్పకూడదని పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది. కానీ జబ్బు అమావాస్య పోయేదాకా ఆగదు. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకే మీకు రెండే మాటలు చెప్తాను. గుర్తు పెట్టుకోండి.

బిడ్డకు అవసరమైన ప్రయాణాన్ని ఒక్క గంట కూడా ఆపవద్దు.
బిడ్డకు అవసరం లేని ప్రయాణానికి తొందరపడవద్దు.

మన ఇళ్ళలో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. జ్వరం వస్తే గడప దాటనివ్వం. తిరునాళ్ళ వస్తే రెండు నెలల బిడ్డను చంకనేసుకుని జనంలోకి పోతాం!

ఎప్పుడు వెంటనే బయల్దేరాలి?

బిడ్డ పాలు తాగడం మానేసినా, బాగా తగ్గించినా బయల్దేరాలి. ఫిట్స్ వస్తే బయల్దేరాలి. ఒళ్ళు కాలిపోతున్నా, చల్లబడిపోయినా బయల్దేరాలి. తట్టి లేపినా కదలకుండా మత్తుగా పడుకుంటే బయల్దేరాలి. అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడితే బయల్దేరాలి. ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతుంటే బయల్దేరాలి. బొడ్డు దగ్గర చీము కనిపించినా బయల్దేరాలి.

ఇంకొకటి ఉంది. అది మీరే లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకి జరపండి. పొట్ట పైకి లేవడం, దిగడం కనిపిస్తుంది. లేచినప్పుడల్లా ఒకటి లెక్క. గడియారం గానీ, సెల్‌ఫోను గానీ ముందు పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, మరోసారి లెక్కపెట్టండి. మళ్ళీ అంతే వస్తే ఊపిరితిత్తులకు జబ్బు సోకి ఉండవచ్చు. ఇక తిథి చూడవద్దు, వారం చూడవద్దు. 108కి ఫోను చేయండి. ఆ బండికి డబ్బులు ఇవ్వనక్కర్లేదు.

చూశారా! ఒకటి నుంచి వంద దాకా ఇక్కడ నేర్చుకున్నారు. అరవై దాకా లెక్కపెట్టడం వస్తే ఒక బిడ్డ ప్రాణం నిలబడవచ్చు. అంకెలు కూలి డబ్బుల లెక్కకే కాదు, ఇందుకు కూడా పనికొస్తాయి.

ఇది ఉత్తమాట కాదు. తెలంగాణకు ఆనుకుని మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అడవి ప్రాంతం. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్లు పనిచేశారు. వాళ్ళు భార్యాభర్తలు. 1990 తర్వాతి ఏళ్ళలో వాళ్ళు ఊళ్ళలోని ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చారు. వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు కాదు. బాలింతల ఇళ్ళకు వెళ్ళి బిడ్డను తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, వెచ్చగా ఉంచడం, జబ్బును ముందే పసిగట్టడం నేర్చుకున్నారు. మూడో ఏటికల్లా ఆ ఊళ్ళలో నెలలోపు బిడ్డల చావులు సగానికి పైగా తగ్గాయి. ఆ సంగతి 1999లో ప్రపంచమంతా చదివింది. తర్వాత 2011లో మన ప్రభుత్వం దేశమంతటా ఇంటింటికీ పసిబిడ్డ సంరక్షణ పథకం మొదలుపెట్టింది.

అందుకే ఇప్పుడు ఆశా కార్యకర్త మీ ఇంటికి వస్తుంది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఈ అంకెలు గోడ మీద రాసుకోండి. ఆమె రాకపోతే కబురు పెట్టండి. వస్తే "ఇప్పుడు కాదులే, పురుడు" అని వాకిట్లోంచే పంపించవద్దు.

తప్పనిసరి ప్రయాణాలు ఏవి?

మొదటిది ఆసుపత్రి నుంచి ఇంటికి రావడం. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉంది. దాని నంబరు 102. ఇంటిదాకా ఊరికే దింపుతారు. దాన్ని అడిగి తీసుకోండి. కుట్లతో ఉన్న తల్లిని, రెండు రోజుల బిడ్డను బండి మీద ముగ్గురిలో ఒకరిగా కూచోబెట్టవద్దు.

రెండోది టీకాలకు వెళ్ళడం. పుట్టగానే ఇచ్చేవి ఆసుపత్రిలోనే ఇస్తారు. తర్వాత ఒకటిన్నర నెలకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు వెళ్ళాలి. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం, పోలియో రాకుండా ఇవి కాపాడతాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా ఉంది. పుట్టింట్లో ఉన్నా, అత్తింట్లో ఉన్నా టీకా ఆగకూడదు. చాలామంది మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తింటికి వెళ్తారు. చీరె సారె అన్నీ సర్దుకుంటారు. తల్లీ బిడ్డా రక్షణ కార్డు మాత్రం పుట్టింటి దూలం మీద మర్చిపోతారు! ముందు ఆ కార్డు సంచిలో పెట్టుకోండి. ఆ తర్వాతే పట్టుచీర.

ఆగగల ప్రయాణాలు ఏవి?

పెళ్ళిళ్ళు, సినిమాలు, సంతలు, తిరునాళ్ళు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళాలని మనందరికీ ఉంటుంది. ఊరూరి నుంచీ ప్రభలు కదులుతాయి. రంగురంగుల దీపాలు, మైకుల మోత, ఇసకేస్తే రాలని జనం. పెద్దవాళ్ళకు అది పండగ. నెలల బిడ్డకు మాత్రం హడల్. చెవుల్లో దూది పెట్టినా ఆ మోత ఆగదు. అంత జనంలో ఎవరికి దగ్గు ఉందో, ఎవరికి జలుబు ఉందో తెలియదు. పెద్దవాళ్ళకు రెండు రోజుల్లో తగ్గిపోయే జలుబు పసిబిడ్డకు న్యుమోనియా కావచ్చు. మొక్కు ఉంటే ఎక్కడికీ పోదు. కోటయ్యస్వామి కొండ మీదే ఉంటాడు. టీకాలు పడి, బిడ్డ కాస్త గట్టిపడ్డాక, జనం లేని రోజు చూసుకుని వెళ్ళి మొక్కు తీర్చుకోండి.

చుట్టాలు బిడ్డను చూడటానికి వస్తే వద్దనలేం. చేతులు సబ్బుతో కడుక్కుని ఎత్తుకోమనండి. మూతి మీద ముద్దులు వద్దనండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు. దిష్టి చుక్క పెట్టుకుంటే అరికాలికి పెట్టండి. కాటుక కంట్లో మాత్రం పెట్టవద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. అది బిడ్డకు విషం.

ఇక ఎలా తీసుకెళ్ళాలి?

మనది పల్నాడు. మన జిల్లాలోని రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటారు. ఎండాకాలంలో పొద్దున తొమ్మిది లోపు గానీ, సాయంత్రం చల్లబడ్డాక గానీ బయల్దేరండి. గాలి తగులుతుందని మూడు గుడ్డలు చుట్టి, ముఖం మీద తువ్వాలు కప్పవద్దు. పసిబిడ్డకు చెమట సరిగా పట్టదు. లోపల ఉడికిపోతుంది. ఎండాకాలంలో ఒక పల్చటి నూలు చొక్కా చాలు. గొడుగు వెయ్యండి. ముక్కూ నోరూ ఎప్పుడూ తెరిచే ఉండాలి.

చలికాలంలో తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వెయ్యండి. మీరు వేసుకున్న దానికన్నా ఒక్క వరస ఎక్కువ చాలు. మధ్య మధ్య చేత్తో తాకి చూడండి. పొట్టా, పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి వేస్తున్నట్టు. రెండూ చల్లబడితే ప్రమాదం. అప్పుడు బిడ్డను మీ గుండెకు ఆనించుకోండి. మధ్యలో గుడ్డ అడ్డం లేకుండా, ఒంటికి ఒళ్ళు తగలాలి. పైనుంచి చీర, దుప్పటి కప్పుకుని ఆసుపత్రికి బయల్దేరండి.

దీన్ని కంగారూ పద్ధతి అంటారు. కంగారు అంటే గాభరా కాదండోయ్! కంగారూ ఆస్ట్రేలియాలో ఉండే జంతువు. పిల్లను పొట్ట సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో తక్కువ బరువు బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలలేదు. అప్పుడు డాక్టర్లు బిడ్డలను తల్లుల గుండెల మీదే పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా అదే చేస్తోంది. నాన్న కూడా అలా ఆనించుకోవచ్చు. దానికి మీసాలు అడ్డం రావు!

దారిలో బిడ్డకు ఏం పెట్టాలి? తల్లిపాలు. అంతే. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్ళు కూడా వద్దు. "ఇంత ఎండలో గొంతు తడపొద్దా?" అంటారు పెద్దలు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్ళే. రెండు మూడు గంటలకోసారి, ఎండాకాలంలో ఇంకా త్వరగా పాలివ్వండి. నీళ్ళు తాగాల్సింది తల్లి. బస్టాండులోనైనా, చెట్టు కిందనైనా పైట కప్పుకుని పాలివ్వడానికి సిగ్గుపడకండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే వారం దాటిన బిడ్డకు పాలు చాలుతున్నట్టే.

మోటారు సైకిలు మాటకు వద్దాం. 2023 ఫిబ్రవరి 15 నుంచి దేశమంతటా ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే నడిపే మనిషికి కలిపి బెల్టు కట్టాలి. తొమ్మిది నెలలు దాటిన పిల్ల తలకు హెల్మెట్ పెట్టాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. మరి తొమ్మిది నెలల లోపు బిడ్డకో? మెడ ఇంకా గట్టిపడి ఉండదు. హెల్మెట్ ఎక్కడ పెడతారు? గుంటలో బండి ఒక్క కుదుపు కుదిపితే ఆ మెడ ఏమవుతుంది? అందుకని బస్సో, ఆటోనో ఎక్కండి. ఆటోలో అంచున కాకుండా మధ్యలో కూచోండి. పల్లెవెలుగు బస్సు కిక్కిరిసి ఉంటే తర్వాతి బస్సుకు పోండి. కారులో అయితే బిడ్డతో ముందు సీటులో కూచోవద్దు. బిడ్డ మెడ కింద ఒక చెయ్యి ఎప్పుడూ ఉండాలి.

చివరిగా ఒక కష్టమైన మాట.

మనలో చాలామంది బిడ్డను తీసుకెళ్ళేది తిరునాళ్ళకు కాదు. మిరపకోతకు, పత్తి తీతకు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చెప్తున్నాను. మందు కొట్టే చేలోకి, మందు కొట్టిన చేలోకి చంటిబిడ్డను తీసుకెళ్ళవద్దు. మిరపకాయల కోరు పెద్దవాళ్ళకే తుమ్ములు తెప్పిస్తుంది. చెట్టుకు ఉయ్యాల కట్టి వదిలేస్తే చీమలు, పాములు, కుక్కల భయం ఉంటుంది. వాడలో నలుగురు తల్లులు కలిసి, రోజుకొక పెద్దమ్మను పిల్లల దగ్గర ఉంచుకోండి. తలా కాస్త వేసుకుని ఆమె కూలి ఇవ్వండి. పాలిచ్చేటప్పుడు ఇంటికి పోయి రావడానికి మేస్త్రీని అడగండి. ఒక్కరు అడిగితే కసురుతాడు. పదిమంది అడిగితే వింటాడు. చేలోంచి రాగానే చేతులూ రొమ్మూ సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని పాలివ్వండి.

తొలికాన్పుకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు. పోయిన కూలికి బదులుగా, తల్లి కొన్నాళ్ళు ఇంటి పట్టున ఉండాలని ఇచ్చే డబ్బు అది. ఎవరి దయా కాదు. అంగన్‌వాడీలో అడగండి. దరఖాస్తు చదవండి. మీ సంతకం మీరే పెట్టండి.

ఇప్పుడు ఇంటికి వెళ్ళాక ఒక పని చెయ్యండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆ తల్లీ బిడ్డా రక్షణ కార్డు తీయండి. కూడబలుక్కుని చదవండి. వచ్చే టీకా తేదీ ఎప్పుడో చూడండి. అది అత్తగారికి, అమ్మగారికి, ఇంటాయనకు చదివి వినిపించండి.

మా అక్క చదువుకోలేదు. ఆ రోజు ఆమె మాట ఇంట్లో ఎవరూ వినలేదు. ఆమె చేతిలో చూపించడానికి కార్డు లేదు, చెప్పడానికి లెక్క లేదు. మీకు కార్డు ఉంది. అరవై దాకా లెక్క వచ్చు. "అత్తమ్మా, రెండుసార్లు లెక్కపెట్టాను, అరవై దాటింది, ఆసుపత్రికి పోదాం పద" అని మీరు గట్టిగా అనగలరు. ఆ రోజు అమావాస్య అయినా సరే, గడప దాటండి.