గోళీలు మింగినా దిగని రక్తపోటు

(ఇటిక్యాలలో వాడ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

 

సభ అంటే మనం భూమి గురించి మాట్లాడతాం. కూలి గురించి మాట్లాడతాం. గుడి ముందర, హోటల్ ముందర జరిగే అవమానం గురించి మాట్లాడతాం. ఈ రోజు బీపీ గురించి మాట్లాడతామని చెప్పగానే ఒక తమ్ముడు నవ్విండు. "సారూ, బీపీ సంగతి డాక్టరు చెప్తడు గదా, మీకెందుకు?" అన్నడు.

ఆ తమ్ముడికి మా జవాబు ఒక్కటే. మనతోపాటు పదిహేనేండ్లు జెండా మోసిన ఒక అన్న నలభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చి మంచాన పడ్డడు. ఆయనకు షుగర్ లేదు. ఒళ్ళు లేదు. రోజూ గోళీ మింగేటోడు. అయినా పడ్డడు. జెండా మోసిన చెయ్యే పడిపోయినంక అది ఒక్క డాక్టరు సంగతి ఎట్లయితది? అది మనందరి సంగతి.

ముందు మా సంగతి చెప్పుకుంటాం. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి తరం మాది. అమ్మానాయినలు వేరుశనగ చేన్లలో కూలి చేసి చదివిస్తే డిగ్రీ చదివి బడిపంతులమైనాం. బక్కపలచని మనుషులం. పొద్దున లేస్తే నడకే. అలాంటి మాకు నలభై మూడో ఏట 170 మీద 104 వచ్చింది. ఒక గోళీ ఇచ్చిండ్రు. దిగలేదు. రెండో గోళీ, తర్వాత మూడో గోళీ. ఎనిమిది నెలలు మింగినం. 160కి కిందికి రాలేదు. ప్రతిసారీ ఒకటే మాట: "టెన్షన్ తగ్గించుకోండి సారూ." టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో అడిగినోళ్ళు లేరు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టలేదు. దూరం నుంచే చొక్కా మీద చుట్టి, నిలబడి ఉండగానే గాలి కొట్టి, అంకె రాసి పంపిండ్రు.

ఇది చిన్న విషయం అనుకుంటున్నారా? అంబేడ్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక బడిపంతులు కథ ఉంది. 1929లో కాఠియావాడ్ ప్రాంతంలో అంటరాని కులపు ఉపాధ్యాయుడి భార్య ప్రసవమై జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. బాలింతను వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. తెచ్చారు. జ్వరం చూసే థర్మామీటరును డాక్టరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. మళ్ళీ అదే దారిలో వెనక్కి పోయింది. ఆ తల్లి బతకలేదు. ముట్టుకోకుండా చూసిన వైద్యం వైద్యం కాదు. ఈ రోజు మనల్ని ఎవరూ వాడ బయటికి రమ్మనకపోవచ్చు. కానీ మన చెయ్యి పట్టి, మన పక్కన రెండు నిమిషాలు కూర్చొని, సరిగ్గా చూసి చెప్పే హక్కు మనకు దక్కిందా? ఇదీ ఈనాటి ప్రశ్న.

కాబట్టి మొండి బీపీ అంటే మొదట చూడాల్సింది మందు కాదు, కొలత. సరైన కొలత ఎట్లుంటదో అందరూ గుర్తుపెట్టుకోండి. అరగంట ముందు చాయ్, బీడీ, గుట్కా వద్దు. ఒంటికి పోయి రావాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, రెండు పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి. పట్టీ ఒట్టి చేతి మీద చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని పోటు కూడా ఉన్నట్టు చూపిస్తుంది. చూసేటప్పుడు మాట్లాడొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇట్లా చూసినా 140 మీద 90, లేదా అంతకంటే ఎక్కువ, వేరువేరు రోజుల్లో వస్తే అది బీపీనే. తెల్లకోటు చూసి భయపడితే కూడా పెరుగుతుంది. అందుకే ఇంటి దగ్గర చూసిన అంకెలు రాసి పెట్టుకోవడం అవసరం.

మేము అట్లా కూర్చొని చూపించుకుంటే 160 కాస్తా 152 అయింది. అంటే కొంత కొలత తప్పు. కానీ మిగిలింది నిజమే. అది ఎందుకు దిగలేదు?

రెండో ప్రశ్న: గోళీ నిజంగా మింగుతున్నామా? ఇక్కడ మేము మీ ముందు తప్పు ఒప్పుకుంటున్నాం. మాకిచ్చిన మూడు గోళీల్లో ఒకటి నీళ్ళ గోళీ. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును, నీటిని మూత్రంలో పంపుతుంది. సభకు పోయే రోజు, బస్సెక్కే రోజు, బడిలో మరుగుదొడ్డి సరిగా లేని రోజు దాన్ని మింగకపోయేది. మగవాళ్ళం మాకే ఇట్లుంటే సీడు పత్తిలో పొద్దంతా క్రాసింగ్ పని చేసే అక్కల సంగతేంది? చేన్ల చాటు లేదు, మేస్త్రి కండ్ల ముందర లేచి పోవడానికి లేదు. ఆ అక్క నీళ్ళ గోళీని కొంగుకు కట్టుకొని ఇంటికి తెచ్చుకుంటది. కాగితం మీద మూడు మందులు, ఒంట్లో రెండే. అప్పుడు డాక్టరు నాలుగో మందు రాస్తడు. దీనికి పేరు నిర్లక్ష్యమా? కాదు. చెప్పుకునే చోటు లేకపోవడం. "ఈ గోళీతో ఇబ్బంది ఉంది" అని డాక్టరుకు చెప్పండి. దాని వేళ మార్చవచ్చు, మందే మార్చవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఏ గోళీ మానొద్దు. కొన్ని మందులు ఒక్కసారి ఆపితే పోటు ఎగిరి లేస్తుంది.

వలస పోయినోళ్ళ కథ ఇంకొకటి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎన్నో ఆనకట్టల్లో, రోడ్లలో మన చెమట ఉంది. ఇక్కడ ఇచ్చిన గోళీలు నెలకు సరిపోతాయి, పని మూడు నెలలు. అక్కడ కొనుక్కోవాలంటే కూలి పోతది. నెత్తి నొయ్యట్లేదు గదా అని మానేస్తరు. అక్కడే మోసం. బీపీ నొప్పి పెట్టదు. చడీచప్పుడు లేకుండా గుండెను, మూత్రపిండాలను, మెదడు నరాలను కొరుకుతుంది.

మూడోది, మేము కలలో కూడా అనుకోనిది: నొప్పుల గోళీ. నిలబడి పాఠం చెప్పి చెప్పి మాకు మోకాళ్ళ నొప్పి. మెడికల్ షాపులో రోజుకో డైక్లోఫెనాక్ తెచ్చుకొని మింగేది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీ మందుల పనిని చెడగొడతాయి. బీపీ గోళీ, నీళ్ళ గోళీ, నొప్పుల గోళీ మూడూ ఒకేసారి పడితే మూత్రపిండాలకే ముప్పు రావచ్చు. ఒక చేత్తో నీళ్ళు తోడుతూ ఇంకో చేత్తో పోసినట్టు! వంగి పని చేసేటోళ్ళకు నడుము నొప్పి, నడుము నొప్పికి ఊరి డాక్టరు సూది, ఆ సూదిలో ఒక్కోసారి స్టెరాయిడ్. అది కూడా పోటు పెంచేదే. నొప్పి మన పని వల్ల వచ్చింది, మందు బీపీ తెచ్చింది, బీపీకి మళ్ళీ మందు. ఈ గొలుసు ఎక్కడ తెంపాలో చూడండి.

నాలుగోది ఉప్పు. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. జొన్నరొట్టె, కారం, ఊరగాయ మన పూట. కూర కొనలేని ఇంట్లో అన్నం దిగాలంటే ఉప్పూ కారమే దిక్కు. తక్కువ తినమని చెప్పడం సులభం, కూరగాయల ధర ఎవరు చెప్పాలి? అయినా మన చేతిలో ఉన్నంత మనం చేద్దాం. సగం ఊరగాయ తగ్గిద్దాం, అన్నంలో, మజ్జిగలో ఉప్పు మానేద్దాం, గ్యాస్ అని తాగే సోడా పొడి మానేద్దాం. సారా, కల్లు, బీడీ, గుట్కా సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డ వాళ్ళు ఒక్కసారి ఆపితే వణుకు, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు ఆగినప్పుడు తెలంగాణలో చాలామంది ఆస్పత్రుల పాలయ్యారు. కాబట్టి వాళ్ళు డాక్టరు దగ్గరుండి మానాలి.

ఇవన్నీ సరిచేసినా, నీళ్ళ గోళీతో కలిపి మూడు రకాల మందులు సరైన మోతాదులో వాడినా దిగకపోతే అప్పుడు దాన్ని అసలైన మొండి బీపీ అనాలి. అప్పుడు "నీ రాత" అంటే ఊరుకోవద్దు, కారణం వెతకమని అడగాలి. మూత్రపిండాల జబ్బా? దానికి క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష. రాత్రి పెద్దగా గురక పెట్టి మధ్యలో శ్వాస ఆగుతుందా? అది కూడా పోటు పెంచుతుంది. థైరాయిడా? ముప్పై దాటని పిల్లలకు బీపీ ఉంటే మూత్రపిండాలకు పోయే రక్తనాళం సన్నబడిందా? మూత్రపిండాల మీద టోపీలాగా కూర్చునే అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరాన్ అనే రసాన్ని ఎక్కువ విడిచినా ఒంట్లో ఉప్పు నిలిచి పోటు దిగదు. ఈ జబ్బును 1955లోనే జెరోమ్ కాన్ అనే అమెరికా డాక్టరు గుర్తించాడు. ఇన్నేండ్లయినా చాలామందికి ఆ పరీక్షే జరగదు. మొండి బీపీకి నాలుగో మందుగా స్పైరనోలాక్టోన్ బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. అది ఖరీదైన మందు కాదు. కానీ రక్తంలో పొటాషియం చూస్తూ డాక్టరే ఇవ్వాలి.

ఇప్పుడు టెన్షన్ సంగతికి వద్దాం. షెర్మన్ జేమ్స్ అనే నల్లజాతి పరిశోధకుడు 1970ల చివర్లో అమెరికాలో జాన్ హెన్రీ మార్టిన్ అనే నల్లజాతి రైతును కలిశాడు. బడి చదువు పెద్దగా లేదు. కౌలు కూలి కుటుంబం. రాత్రింబగళ్ళు పనిచేసి అప్పు తీర్చి 75 ఎకరాలు సొంతం చేసుకున్నాడు. యాభైల చివరికి వచ్చేసరికి బీపీ, కీళ్ళ జబ్బు, కడుపులో పుండు. చేతిలో ఏ బలమూ లేని మనిషి అన్యాయాన్ని ఒంటిచేత్తో ఓడించాలని ఏండ్ల తరబడి ఒళ్ళు విరుచుకుంటే ఆ ఒళ్ళు లెక్క కట్టి వసూలు చేస్తుందా అని జేమ్స్ అడిగాడు. అన్ని పరిశోధనల్లో ఒకే జవాబు రాలేదు, ఆ మాటా చెప్పాలి. కానీ ఆ కథ చదివినప్పుడు మా వాడలో మొదట చదువుకున్నోళ్ళం, మొదట ఉద్యోగం చేసినోళ్ళం అందరం గుర్తొచ్చినం. ఇంటి భారం, వాడ భారం, ఆఫీసులో అవమానం, అన్నీ ఒక్కరమే మోస్తున్నం.

అదే అమెరికాలో 2018లో ఇంకో సంగతి తెలిసింది. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి మగవాళ్ళు జుట్టు కత్తిరించుకునే మంగలి షాపులకే మందుల నిపుణులు పోయి, బీపీ చూసి, మందులిచ్చారు. ఆరు నెలల్లో పై అంకె సగటున 27 తగ్గింది. మంగళ్ళు సలహా మాత్రమే చెప్పిన షాపుల్లో 9 తగ్గింది. మనిషి ఎక్కడ నమ్మకంగా కూర్చుంటాడో అక్కడికే వైద్యం పోయింది. అంతే తేడా.

1945లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బీపీ ముదిరి మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. అంత పెద్దమనిషికి కూడా అప్పుడు సరైన మందు లేదు. ఇప్పుడు మందు ఉంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాల్సిన మందు. అయినా ప్రపంచంలో బీపీ ఉన్న ప్రతి అయిదుగురిలో నలుగురికి సరైన వైద్యం అందడం లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో 2017లో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మందు తెగకుండా ఇవ్వాలి, ఇంటికి దగ్గర్లో ఇవ్వాలి, ప్రతి మనిషి లెక్కా రాయాలి అన్నదే దాని పద్ధతి. మనం కొత్తగా ఏదీ అడుక్కోవడం లేదు. రాసుకున్నది చెయ్యమంటున్నాం.

అడగాల్సినవి ఇవి. ఉపకేంద్రంలో నెల మందులు తెగకుండా ఉండాలి, వలస పోయేటోళ్ళకు పోయినన్ని నెలలకు ఇవ్వాలి. పెద్ద పట్టీ, చిన్న పట్టీ రెండూ ఉండాలి. మొండి బీపీ ఉన్నోళ్ళకు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు ఉచితంగా జరగాలి. పత్తి చేన్ల దగ్గర, బడుల్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండాలి. ఇది కూడా బీపీ డిమాండే!

మనం చేసుకోవాల్సింది ఒకటుంది. వాడకొక మిషను, ఒక నోటుబుక్కు. ప్రతి ఆదివారం పొద్దున చదువుకున్న పిల్లలు కూర్చొని, పెద్దల చెయ్యి పట్టుకొని, పద్ధతి ప్రకారం చూసి రాయాలి. పోటు 180 దాటి ఛాతీనొప్పి గానీ, మూతి వంకర గానీ, కాలూ చెయ్యీ గుంజడం గానీ ఉంటే ఇంట్లో ఉంచొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

నొప్పుల గోళీ మానేసి, నీళ్ళ గోళీ పొద్దున్నే క్రమంగా మింగి, ఊరగాయ పక్కన పెట్టినంక మూడు నెలలకు మా బీపీ 136 మీద 86కు వచ్చింది. కొత్త మందు ఒక్కటి కూడా చేర్చలేదు. ఇదే ముక్క ఆ అన్నకు రెండేండ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే? మేమే చెప్పి ఉంటే? ఆయన నడుముకు రోజూ నొప్పుల గోళీ మింగుతున్నది మేము కండ్లారా చూసినం. మాకూ తెలియదు.

అందుకే ఈ వాడ నోటుబుక్కులో మొదటి పేరు ఆయనదే రాసినం. ఈ పొద్దున పడిపోని చెయ్యి చాచి చూపించుకున్నడు. రెండో పేరు ఎవరిది? వచ్చి కూర్చోండి. చొక్కా చెయ్యి పైకి మడవండి.

జై భీమ్!