పాత డెస్క్‌టాప్‌కి ఏ బ్యాకప్ హార్డ్ డిస్క్ కొనాలి? నేను చేసిన తప్పు మీరు చేయకండి

చాలామంది ఇళ్ళల్లో ఒక మూల పాత డెస్క్‌టాప్ ఉంటుంది కదా. నాన్నగారి లెక్కలు, అక్క పెళ్లి ఫోటోలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, అన్నీ అందులోనే ఉంటాయి. దానికి బ్యాకప్ కోసం ఏ డిస్క్ కొనాలో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు నా తప్పు చెప్తాను. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా ఇంటి సిస్టమ్‌లోనే రెండో హార్డ్ డిస్క్ బిగించి, ఫోటోలన్నీ అందులోకి కాపీ చేశాను. "నాన్నా, బ్యాకప్ పెట్టేశాను, ఇక టెన్షన్ లేదు" అని గొప్పగా చెప్పాను. ఆ వేసవిలో ఒక సాయంత్రం గాలివాన, దగ్గర్లోనే పిడుగు. ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది, దాంతోపాటే రెండు డిస్కులూ పోయాయి. నాయనమ్మ మాట్లాడిన వీడియోలు అందులోనే ఉన్నాయి. అప్పటికే ఆవిడ లేరు. నాన్న "పోనీలేరా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఫస్ట్ పాయింట్: క్యాబినెట్ లోపల ఉన్న రెండో డిస్క్ బ్యాకప్ కాదు. కరెంటు పోటు వచ్చినా, రాన్సమ్‌వేర్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. మనకి కావాల్సింది, పని అయ్యాక పీకేసి బీరువాలో పెట్టుకునే ఎక్స్‌టర్నల్ డిస్క్.

సెకండ్, స్పీడ్ కోసం డబ్బులు పోయకండి. సిస్టమ్ వెనక పోర్టులు చూడండి. యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటే, పేపర్ మీద స్పీడ్ 480 మెగాబిట్స్, చేతికొచ్చేది సెకనుకి 30 నుంచి 40 ఎంబీ. అంటే 300 జీబీ కాపీ అవ్వడానికి రెండు మూడు గంటలు. అక్కడ ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా అంతే. పైగా ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి పక్కన పడేస్తే డేటా పోయే ప్రమాదం ఉంది. ఈ పనికి మామూలు 2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్ చాలు. యూఎస్‌బీ 3.0 డిస్క్ పాత పోర్టులో కూడా పనిచేస్తుంది. కాకపోతే ఒక్కటి, 2.0 పోర్ట్ ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంప్స్ మాత్రమే. డిస్క్ టక్ టక్ అంటూ కనెక్ట్ అవ్వకపోతే ముందువైపు పోర్ట్ వదిలేసి, వెనక మదర్‌బోర్డ్ పోర్టులోనే పెట్టండి.

థర్డ్, సైజు. మీ డేటా ఎంతుందో చూసుకుని దానికి రెట్టింపు తీసుకోండి. చాలా ఇళ్ళకి 1 టీబీ సరిపోతుంది. ఇంకా విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ వాడుతుంటే మాత్రం 2 టీబీ దాటొద్దు, పెద్ద డిస్కుల జీపీటీ పార్టిషన్‌ని అది చదవలేదు. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. ఫ్యాట్32 పెడితే 4 జీబీ ఉన్న పెళ్లి వీడియో ఎక్కదు.

ఇంకో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి 16 టీబీ అని కనిపిస్తే టెంప్ట్ అవ్వకండి. లోపల చిన్న మెమరీ కార్డ్ పెట్టి, సైజు పెద్దదిగా చూపించే నకిలీలు ఉంటాయి. కాపీ అయినట్టే ఉంటుంది, తెరిస్తే ఫైల్ ఉండదు. ఏ డిస్క్ కొన్నా ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ టూల్‌తో ఒకసారి చెక్ చేయండి. పాత డిస్క్ హెల్త్ ఎలా ఉందో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చూపిస్తుంది. అక్కడ 'కాషన్' అని కనిపిస్తే కొత్త డిస్క్ కోసం ఆఫర్లు వచ్చేదాకా ఆగొద్దు, ముఖ్యమైనవి ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకైనా తీసేయండి.

అసలు మాట ఇప్పుడు చెప్తాను. స్పీడ్ మీద మిగిలిన డబ్బుతో రెండో డిస్క్ కొనండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి అక్క వాళ్ళింట్లోనో బాబాయి వాళ్ళింట్లోనో. అది కుదరకపోతే, ముఖ్యమైన ఫోటోలు మాత్రం క్లౌడ్‌లో పెట్టండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్ళు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మకండి. నేను నమ్మే పోగొట్టుకున్నాను.

మా నాయనమ్మది ఇప్పుడు మిగిలింది ఒక్కటే, పెద్దమ్మ ఫోన్‌లో దొరికిన నలభై సెకన్ల వాట్సాప్ వీడియో. "అన్నం తిన్నావారా?" అని నన్నే అడుగుతుంది అందులో. అది ఇప్పుడు రెండు డిస్కుల్లో ఉంది, రెండు ఊళ్ళల్లో ఉంది.

ఈ ఆదివారం ఒక గంట కూర్చుని మీ ఇంటి సిస్టమ్‌లో ఏముందో చూడండి. డౌట్స్ ఉంటే మీ సిస్టమ్ ఎన్నేళ్ళ పాతదో, ఏ విండోస్ వాడుతున్నారో కామెంట్‌లో రాయండి, నేనే రిప్లై ఇస్తాను. మళ్ళీ నెక్స్ట్ వీడియోలో కలుద్దాం. ఉంటాను మరి, బై.